గొళ్ళెం మీద చెయ్యి

ఆ సీరియల్ ఆగిపోయిన రాత్రి
హైమావతి చెయ్యి గొళ్ళెం మీదుండాది.
అంతే.
మరుసటి పొద్దు అదే టైముకి ఏదో వంటల పోటీ వేసినారు.
గొళ్ళెం తీసిందో లేదో
చిత్తూరులో యెవురికీ తెల్దు.

"వెండిగడప." వెయ్యిన్నీ నాలుగొందల పన్నెండు రాత్రుళ్ళు.
మా రాజ్యానికి పెండ్లయి, ఇద్దురు బిడ్లు పుట్టి,
పెద్దోడు పలకబట్టుకోని బడికి పోయేదాకా
త్రిపురాంబ ఆ పాలగ్లాసులో మందు కలపతానే ఉండె.

మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో మాది మూడో బల్ల.
బెంగుళూరా కాయలు, చిలకముక్కు కాయలు.
తొక్క తీసి టెంక తీసి, తొక్క తీసి టెంక తీసి
రసానికి వేళ్ళ సందులు పాసిపోతాయి.
కథ లేకపోతే ఆ మంట తెలుస్తాది.
ఆ యేడు తెలిసింది.

మూడో పొద్దు మొగిలమ్మ, కాయ మీంచి చూపెత్తకుండా,
"తీసింది" అనింది.
ఏంది మే?
"గొళ్ళెం."

ఆడి నుంచి ఆమె చెప్పిందే కథ.
హైమావతి నాలుగు గాజులమ్మి వేలూరు బస్సెక్కింది.
టిక్కెట్టుకి చాలక కాణిపాకం క్రాసులో దిగిపోయింది.
మురకంబట్టులో బాడిగిల్లు, నెలకి పద్నాలుగొందలు.
జాకెట్లు కుట్టింది. చంకలు బిగువుగా కుట్టి
తిట్లు తినింది. నేర్చుకునింది.
రెండో సీజనుకి మా ఫ్యాక్టరీలోనే చేరింది.
బల్లకి ఆ కొసన, గోడ పక్క,
ఖాళీగా ఉండే ముక్కాలిపీట ఆమెది.
దాని మీద క్రేటు పెడితే దిల్షాద్ ఊరుకోదు.

అయిదేండ్లు.

ఇప్పుడు మళ్ళా వస్తాండాదంట.
బస్టాండు గోడ మీద బొమ్మేసినారు, నిలువెత్తు.
దిల్షాద్ ఆటోలోంచి చూసి ఆటోనే ఆపించింది.
చెంగమ్మ ఓవర్‌టైం వొద్దనేసింది.
రాజ్యం పెద్దోడు "ఇంగ రిమోటు నాకియ్యవు గదా" అని ఏడ్చినాడు.
మా ఎదురింటి రిటైరు కండక్టరు గజపతినాయుడు,
సీరియళ్ళంటే కస్సుమనే మనిషి,
ఎనిమిదికే ఇస్త్రీ చొక్కా తొడుక్కోని కూర్చునె.
చొక్కా యెందుకో.

పాట మొదులయ్యింది. అదే పిల్లనగ్రోవి.
మా చిన్నమ్మకి కండ్లనీళ్ళు.
"పోయినోళ్ళ చెప్పుల చప్పుడు మాదిరుండాది మే" అనింది.

హైమావతి ఆ తలుపు కాడే ఉండాది.
గొళ్ళెం మాత్రం కొత్తది, ఇత్తడిది.
ఒక్క తెల్లెంటిక లేదు.
నాకు లెక్కలేనన్ని.
చెయ్యి తీసేసింది.
వెనక్కి తిరిగింది.
"అత్తయ్యా, పాలు తాగినారా?" అనింది.

చెంగమ్మ టీవీ వైరే పెరికేసిందంట.
గజపతినాయుడు చొక్కా విప్పి దండెం మీదేసి
అన్నం తినకుండా పండుకునినాడు.
దిల్షాద్ నాకు ఫోను చేసి
ఏమీ మాట్లాడలే. ఊపిరి మాత్రం వినిపించింది.

పొద్దున్నే బల్ల కాడ
ఆ ముక్కాలిపీట వైపు యెవురూ చూడలేదు.
ఇంట్లో మనిషి తప్పు చేసినట్టుండె.
రాజ్యమే అనింది, మెల్లింగా:
"పోనీలే అక్కా, కథ వాళ్ళది. వాళ్ళిష్టం."

మొగిలమ్మ టెంక తీసింది.
ఇంగో టెంక తీసింది.
"హైమ గూడా చూసిందంట రాత్రి," అనింది,
"వాళ్ళ ఓనరమ్మ టీవీలో, వాకిట్లో నిలబడి.
చూసి అడిగిందంట,
యెవురబ్బా ఆమె, నా చీర కట్టుకోనుండేది, అని."

నవ్వొచ్చిందో ఏమొచ్చిందో.
లోడు దించే పిల్లోడు, కొత్తోడు,
తెలీక ఆ పీట మీద క్రేటు పెట్టినాడు.
దిల్షాద్ తడి చేతుల్తోనే లేసి పొయ్యి
కిందికి దించింది.

రాత్రికి మళ్ళా చూస్తాం లే.
యెవురో పరాయి ఆడమనిషి కష్టం.
అదీ చూడాల గదా, పాపం.